పచ్చళ్ళ కంపెనీలో లీన్: ఒక కన్సల్టెన్సీ సేవపై సమీక్ష

గుంటూరు దగ్గర మా కుటుంబం నడుపుతున్న పచ్చళ్ళు, కారప్పొడుల కంపెనీలో లీన్ పద్ధతులు, అంటే వృథా తగ్గించి అడిగినంతే, అడిగినప్పుడే తయారుచేసే పద్ధతులు ప్రవేశపెట్టేందుకు మేము ఒక ప్రైవేటు కన్సల్టెన్సీ సంస్థను నియమించుకున్నాం. ఏడాదికి పైగా సాగిన ఆ పని మొన్నటి మామిడి సీజనుతో ముగిసింది. ఇలాంటి సేవకు డబ్బు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న చిన్న, మధ్యతరహా ఆహార పరిశ్రమల వారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. మాకు ప్రతిపాదనలు పంపిన మిగతా సంస్థల పత్రాలు కూడా చదివాను. అన్నిటిలోనూ పనుల జాబితా దాదాపు ఒకటే కాబట్టి, ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు ఏ ఒక్కరికో పరిమితమైనవని నేననుకోవడం లేదు. నా తీర్పు ముందే చెప్పేస్తాను: షెడ్డు లోపల జరిగిన పనికి ఐదుకు నాలుగున్నర మార్కులు, సరుకు నిల్వల మీద ఇచ్చిన సలహాకు రెండున్నర, అమ్మకాల వైపు చేసినదానికి సున్నా.

మాది పూర్తిగా పాతకాలపు పద్ధతిలో నడిచే కంపెనీ. మా పెదనాన్నగారు ఇంటి వెనక పెంకుటి వసారాలో మొదలుపెట్టిన వ్యాపారం రెండు షెడ్ల దాకా పెరిగినా, నడిపే తీరు మాత్రం వసారాలో ఉన్నప్పటిదే. ఏ పచ్చడి ఎంత కలపాలో, ఏ సైజు సీసాలు ఎన్ని నింపాలో పొద్దున్నే ఆయన నోటిమాటగా చెబుతారు. లెక్క ఆయన తలలో ఉంటుంది. చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది కూడా. స్టోరు తాళంచెవులు దశాబ్దాలుగా ఒకే గుమాస్తాగారి మొలలో ఉన్నాయి. సీసాలు నింపే ఆడవాళ్ళకు డజనుకింత అని కూలి. గోడౌను నిండుగా కనిపిస్తే ఇంట్లో లక్ష్మి ఉన్నట్టేనని నమ్మే కుటుంబం మాది. నిల్వను వృథాగా లెక్కగట్టే పద్ధతిని అలాంటి చోటికి తీసుకురావడమంటే, ఎంత మంచి కన్సల్టెంటుకైనా తేలిక కాదని ఒప్పుకోవాలి.

పద్ధతి గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. లీన్ అనే పేరు 1988లో జాన్ క్రాఫ్సిక్ అనే పరిశోధకుడి వ్యాసంతో వాడుకలోకి వచ్చింది గానీ, అసలు పద్ధతి అంతకు చాలా ముందే టొయోటాలో తయీచీ ఓనో అనే ఇంజనీరు ఆధ్వర్యంలో రూపుదిద్దుకుంది. యుద్ధానంతర జపానులో కొనేవాళ్ళు తక్కువ, వాళ్ళడిగే రకాలు ఎక్కువ, కంపెనీ చేతిలో డబ్బు అంతంతమాత్రం. ఒకే రకం బండిని లక్షల్లో తయారుచేసి నిల్వపెట్టుకునే అమెరికా ధోరణి అక్కడ నడిచేది కాదు కాబట్టి, అడిగినంత మేరకే, అడిగిన వేళకే తయారయ్యేలా పనిని మలిచారు. అధిక తయారీ, ఎదురుచూపు, అనవసర రవాణా, అక్కర్లేని పని, నిల్వ, అనవసరపు కదలిక, లోపాలు అనే ఏడింటిని ఓనో వృథాలుగా గుర్తించాడు. కారు, ఆవకాయ ఒకటి కాకపోయినా, కొద్దికొద్దిగా అనేక రకాలు తయారుచేయాల్సిన పరిస్థితి మాత్రం మాకూ ఉంది. మేము ఈ సేవ వైపు చూసింది అందుకే.

మొదటి నెల నిరాశపరిచింది. జపనీస్ పదాలతో నిండిన పోస్టర్లు గోడలకెక్కాయి. సూపర్‌వైజర్లను కూర్చోబెట్టి కార్ల ఫ్యాక్టరీల వీడియోలు చూపించారు. పనికిరాని వస్తువులకు ఎర్ర చీటీలు కట్టే కార్యక్రమం జరిగింది. ఆ చీటీల వల్ల తుప్పు పట్టిన తూకపు యంత్రాలు, ఎప్పుడో ఆగిపోయిన బ్రాండు డబ్బాలు బయటికిపోయి కొంత జాగా కలిసొచ్చిన మాట నిజమే. అయితే ఇది దీపావళికి ముందు మేము ఏటా చేసుకునే పనే, దానికి నెల ఫీజు కట్టడం అనవసరమనిపించింది. ప్రతిపాదన వివరించడానికి వచ్చిన సీనియరు ఆ తర్వాత మళ్ళీ కనబడలేదు.

రెండో నెలలో వాళ్ళు పంపిన ఇంజనీరుతో పరిస్థితి మారింది. చెన్నై వైపు వాహన విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన మనిషి. వచ్చిన రోజు నుంచి ఆఫీసు గదిలో కూర్చోకుండా, షెడ్డులో ఒక స్తంభం పక్కన నిలబడి, ఏ మనిషి ఎటు నడుస్తున్నారో కాగితం మీద గీతలు గీస్తూ గడిపాడు. మామిడికాయల సీజను మొదలయ్యేసరికి ఆ గీతల విలువ మాకు తెలిసింది.

మా దగ్గర ముక్కలు కొట్టే పని ఎప్పుడూ ఒకే తీరులో సాగేది. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టిన తర్వాత మగవాళ్ళు ఒక మూల కత్తులతో టెంకతో సహా ముక్కలు కొట్టి టార్పాలిన్ మీద గుట్టగా పోసేవారు. షెడ్డు అవతలి కొసన కూర్చున్న ఆడవాళ్ళ దగ్గరికి వాటిని తట్టలతో మోసేవారు. వాళ్ళు జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, గుడ్డతో తుడిచి మరో గుట్ట పోసేవారు. ఆ గుట్ట కలిపే తొట్టి ఖాళీ అయ్యేదాకా ఆగేది. మధ్యాహ్నం భోజనాల వేళకు గుట్టల్లోని ముక్కలు నల్లబడటం, అడుగున ఉన్నవి నీరు వదలడం మామూలే. ఏరి పారేసేవి ఏటా కొన్ని బస్తాలు ఉండేవి, వాటిని మేము ఎండల ఖాతాలో రాసుకునేవాళ్ళం. ఈ ఇంజనీరు చేసింది చాలా చిన్న మార్పు. ఒక్కో కత్తి మనిషి పక్కన ముగ్గురు ఆడవాళ్ళను ఎత్తు బల్లల చుట్టూ కూర్చోబెట్టి, కొట్టిన ముక్క కొట్టినట్టే చేతికందేలా చేశాడు; తుడిచిన ముక్కలకు చిన్న ట్రేలు పెట్టి, రెండు ట్రేలు నిండితే కత్తి ఆపాలని నియమం పెట్టాడు. కత్తి ఆపడమన్న మాటకు మా పెదనాన్నగారికి కోపం వచ్చింది. మనిషి ఖాళీగా నిలబడితే కూలి దండగ అన్నది ఆయన లెక్క. రెండు రోజులు చూసిన తర్వాత, సాయంత్రం ఏరివేతల బస్తా నిండకుండా ఉండటం గమనించి, ఆయనే ట్రేలు ఇంకొన్ని తెప్పించమన్నారు. తట్టలు మోసే వాళ్ళలో సగం మంది కాయలు తుడిచే పనికి మారారు. ఈ ఒక్క పని కోసమైనా ఆ సేవ కొనవచ్చని నా అభిప్రాయం.

ఒక పచ్చడి నుంచి మరో పచ్చడికి తొట్టి మార్చే పనిలోనూ ఫలితం బాగుంది. పచ్చడికి తడి శత్రువు. తొట్టి కడిగితే పూర్తిగా ఆరాలి, లేకపోతే బూజు ఖాయం. ఆ ఆరుదల కోసం సగం పూట పోయేది. అందుకే ఒకసారి గోంగూర పెడితే, అవసరం ఉన్నా లేకపోయినా, రెండు రోజులు గోంగూరే కలిపేవాళ్ళం. టొయోటాలో షిగియో షింగో అనే ఇంజనీరు, రేకులను నొక్కి ఆకారమిచ్చే భారీ ప్రెస్సు మీద అచ్చు మార్చే పనిని నాలుగు గంటల నుంచి ముందు గంటన్నరకు, తర్వాత మూడు నిమిషాలకు తగ్గించిన కథ లీన్ పాఠాలన్నిటిలో వినిపిస్తుంది. మా దగ్గర మూడు నిమిషాల అద్భుతమేమీ జరగలేదు. యంత్రం ఆగాక చేయాల్సినవి, ఆగకముందే చేసి ఉంచదగినవి విడదీసి, తిప్పే రెక్కలు, మూతలు ఇంకో జత కొని ముందే కడిగి ఆరబెట్టి ఉంచడం, తొట్టికి వేడిగాలి పెట్టడం వంటి మామూలు ఏర్పాట్లతో సగం పూట కాస్తా గంట, గంటంపావుకు వచ్చింది. వెల్లుల్లి వేయని రకాలు పొద్దున, వేసేవి ఆ తర్వాత అనే వరుస మాత్రం మా ఆడవాళ్ళు చెప్పినదే. వెల్లుల్లి తినని కొనుగోలుదారులు మాకు చాలామంది ఉన్నారు; ఆ వరుస వల్ల మధ్యలో చేయాల్సిన కడుగుడు ఒకటి పూర్తిగా తప్పింది.

మూతలు, లేబుళ్ళు, అట్టపెట్టెల విషయంలో కాన్బాన్ కార్డులు పెట్టారు. ప్రతి వస్తువుకు రెండు పెట్టెలు. మొదటిది ఖాళీ కాగానే దాని అడుగున ఉన్న పసుపు కార్డు కొనుగోళ్ళ బల్ల మీదికి చేరాలి. రెండోది అయిపోయేలోగా సరుకు రావాలి. అంతకుమించి ఇందులో బ్రహ్మవిద్య లేదు. దీని విలువ ఎందుకు పెద్దదో చెప్పడానికి మా లేబుళ్ళ సంగతి చాలు. నువ్వులను ప్రధాన అలర్జీ కారకంగా గుర్తిస్తూ అమెరికాలో 2021లో వచ్చిన చట్టం 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మా పచ్చళ్ళన్నీ నువ్వుల నూనెతో చేసేవే. అక్కడి దిగుమతిదారు హెచ్చరిక వాక్యంతో కొత్త లేబుల్ కావాలని అడిగే నాటికి, ఎక్కువ అచ్చేయిస్తే చౌకగా పడుతుందని తెప్పించిన పాత లేబుళ్ళ కట్టలు స్టోరులో ఒక గోడ పొడవునా ఉన్నాయి. ఇప్పుడు రెండు నెలలకు మించి లేబుళ్ళు అచ్చేయించడం లేదు. ఒక్కో లేబులుకు పడే పైసలు పెరిగాయని మా ఆడిటరు ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటారు.

ముడిసరుకు నిల్వల దగ్గర సలహా గాడి తప్పింది. నెలరోజులకు మించి ముడిసరుకు ఉండకూడదని, ఉన్నదంతా వృథా పెట్టుబడేనని వాళ్ళ నివేదిక తేల్చింది. మామిడికాయ ఏప్రిల్, మే నెలల్లో తప్ప ఆవకాయకు పనికొచ్చే పులుపుతో దొరకదు. చింతకాయది చలికాలం, ఉసిరిది కార్తీకం చుట్టుపక్కల. మిరప ఫిబ్రవరి నుంచి యార్డుకు పోటెత్తుతుంది. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు వెలిసింది ఎవరికో లెక్కలు రాక కాదు. పైగా మిర్చి ధర ఊగిసలాట మామూలుది కాదు: 2023లో మేలురకం క్వింటాలు 20,000 రూపాయలు దాటి పలికిన యార్డులోనే, 2025 ఆరంభంలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఎప్పుడు కొని ఎంత నిల్వపెట్టాలన్నది మా వ్యాపారంలో సగం తెలివి. దాన్ని వృథా గడిలో రాసేసిన నివేదికను పెదనాన్నగారు ఒక పేజీ చదివి పక్కన పెట్టారంటే ఆయన మొండితనం అనలేను.

ఇదే పొరపాటు ఊరబెట్టే సమయం విషయంలోనూ దొర్లింది. కాయ దిగిన దగ్గర్నుంచి సీసా లారీ ఎక్కేదాకా గీసిన పటంలో, కలిపిన ఆవకాయ డ్రమ్ముల్లో ఉండే రోజులన్నీ ఎరుపు రంగులో, ఎదురుచూపు అనే పేరుతో కనిపించాయి. షెడ్డులో అందరూ అక్క అని పిలిచే మా పెద్ద మేస్త్రీ ఆ పటం ముందు నిలబడి, ఎరుపెందుకని అడిగారు. పని జరగని రోజులమ్మా అని ఇంజనీరు చెప్పగానే, "మేం కూర్చున్నా పచ్చడి కూర్చోదు బాబూ. మూడోనాడు తిరగ్గలపకుండా సీసాకెత్తితే ఉప్పంతా అడుక్కి పోద్ది, నూనె పైకి తేలదు" అన్నారామె. ఆయన వాదించలేదు. ఆ రోజుల్ని ఆకుపచ్చగా మార్చి, తిరగ్గలిపిన తర్వాత కూడా సీసాలు దొరక్క ఆగిన రోజుల్ని మాత్రమే ఎరుపులో ఉంచాడు. మిగిలిన ఎరుపు చిన్నదేమీ కాదు.

నిల్వల మీద చివరికి పనికొచ్చిన ఆలోచన నివేదికలోంచి కాకుండా ఈ రంగుల మార్పులోంచి పుట్టింది. మేము సీజనులో వచ్చినదంతా గబగబా కలిపి, తాలింపు పెట్టి, సీసాలకెత్తి గోడౌను నింపేవాళ్ళం. సీసాలో పడిన మరుక్షణం దాని సైజు ఖరారైపోతుంది, లేబులు ఖరారైపోతుంది, గడువు తేదీ పరుగు మొదలవుతుంది. అర కిలో సీసాలు గుట్టలుగా పడి ఉండగా పావు కిలోవి లేవని డిస్ట్రిబ్యూటర్లకు చెప్పుకోవాల్సి వచ్చేది. గడువు దగ్గరపడిన సరుకు వాపసు వచ్చేది. ఇళ్ళల్లో చింతకాయనూ పండుమిర్చినీ ఉప్పేసి తొక్కి జాడీలో దాచుకుని, కావలసినప్పుడు కాస్త తీసి నూరి పోపు పెట్టుకుంటారు. కంపెనీలోనూ నిల్వను తొక్కు దశలో ఆపి, ఆర్డరు వచ్చినప్పుడు తాలింపు పెట్టి సీసాకెత్తే ఏర్పాటు చేశాం. ఏడాది సరిపడా చింతకాయ ఇప్పటికీ మా దగ్గర ఉంటుంది, సీసాల్లో మాత్రం మూడు వారాల అమ్మకానికి మించి ఉండదు. ఆవకాయకు ఇది కుదరదు. అది సీజనులో కలపాల్సిందే. దాన్ని కూడా డ్రమ్ముల్లో ఉంచి, సీసాలకెత్తడం మాత్రం వారం వారం చేస్తున్నాం. నిల్వ ఎంత అన్న ప్రశ్నకు ముందు, ఏ దశలో అన్న ప్రశ్న వేయాలని ఆ సంస్థ తన ఆహార పరిశ్రమల నివేదికల నమూనాలో చేర్చుకుంటే మంచిది.

మనుషుల సంగతికి వస్తే, మార్పులు మొదలుకాకముందే షెడ్డులో ఒక పుకారు పాకింది: చేతి గడియారం చూస్తూ రాసుకుంటున్న ఆ అబ్బాయి మనల్ని తీసేయడానికే వచ్చాడని. ఈ మార్పుల వల్ల ఎవరి పనీ పోదని ఒప్పందంలోనే రాయించి, ఆ వాక్యాన్ని తెలుగులో అచ్చేసి గేటు దగ్గర అంటించిన తర్వాతే ఆడవాళ్ళు నోరు విప్పారు. దానికన్నా కష్టమైనది కూలి లెక్క. డజనుకింత అని కూలి ఇస్తూ, అడిగినన్నే నింపండి అని చెప్పడం వాళ్ళ నోటి దగ్గర కూడు లాగడమే. కన్సల్టెంట్లకు ఈ చిక్కు తట్టనే లేదు. మూడో నెలలో నింపుడు బల్ల దగ్గర గొడవ అయ్యాక గానీ వారి నివేదికలో కూలి ప్రస్తావన రాలేదు. చివరకు రోజు కూలి ఖాయం చేసి, లీకులు, తూకం తేడాలు లేని వారానికి అదనంగా కొంత ఇచ్చే పద్ధతికి మారాం. సంవత్సరపు సగటుతో చూస్తే కూలి ఖర్చు కొద్దిగా పెరిగింది, వాపసులు తగ్గాయి. గుమాస్తాగారి విషయంలో సంస్థ మెచ్చుకోదగిన నేర్పు చూపింది. తాళాలు లాక్కోకుండా, కార్డుల బోర్డు నిర్వహణ ఆయనకే అప్పగించారు. ఇప్పుడు ఎవరి కార్డు ఎక్కడ ఆగిందో ఆయన్ను అడిగితే బోర్డు చూడకుండానే చెబుతారు.

నేను సున్నా ఇచ్చిన భాగం అమ్మకాలది. నెలాఖరు వచ్చిందంటే మా సేల్స్ వాళ్ళు స్కీములిచ్చి డిస్ట్రిబ్యూటర్ల మీద సరుకు రుద్దుతారు. ఆఖరి వారంలో నెలకు సరిపడా ఆర్డర్లు వచ్చిపడతాయి, తర్వాతి రెండు వారాలు షెడ్డు ఈగలు తోలుకుంటుంది. పని రోజూ సమంగా సాగాలని లీన్ పాఠం చెబుతుంది. ఆర్డర్లే ఇలా వస్తే ఎంత చక్కగా సర్దిన బల్లలైనా ఆఖరి వారంలో పాత గుట్టల స్థితికే వస్తాయి, వచ్చాయి కూడా. ఈ మాట అడిగితే, తమ ఒప్పందం ఫ్యాక్టరీ గేటుతో ఆగుతుందన్నారు. కాగితం ప్రకారం నిజమే. కానీ వృథాకు మూలం గేటు బయట ఉందని వాళ్ళ పటంలోనే కనిపిస్తున్నప్పుడు, కనీసం ఒక పేజీ రాసి ఇవ్వడం వృత్తిధర్మం అనిపించుకునేది.

ఫీజు నెలవారీగా, మా ప్లాంటు మేనేజరు జీతం కన్నా కాస్త ఎక్కువ. ప్రయాణాలు, బస అదనం. మధ్యలో ఆ మంచి ఇంజనీరును వేరే ప్రాజెక్టుకు పంపి, అప్పుడే కాలేజీ ముగించిన కుర్రవాణ్ణి కొన్నాళ్ళు మా దగ్గర ఉంచారు. పాపం అతని తప్పేమీ లేదు, ఆ కాలానికీ పూర్తి ఫీజే కట్టాం. ఒప్పందం రాసుకునేటప్పుడు ఎవరు వస్తారో పేరుతో సహా రాయించుకోవడం, సీజను నెలల్లో తరగతులు పెట్టకూడదని షరతు పెట్టడం రెండూ అవసరం.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలనుకునే వారికి ప్రభుత్వ మార్గం కూడా ఉంది. కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ 2023 మార్చి 10న ప్రారంభించిన ఎంఎస్‌ఎంఈ కాంపిటీటివ్ లీన్ పథకంలో కన్సల్టెన్సీ ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. అంతకుముందు ఇది 80 శాతంగా ఉండేది. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారు యజమానులుగా ఉన్న సంస్థలకు మరో 5 శాతం ఉంటుంది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు అంచెలు. నేషనల్ ప్రొడక్టివిటీ కౌన్సిల్, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దీన్ని అమలుచేస్తాయి. సీజను ముంచుకొస్తున్నందున మేము నేరుగా ప్రైవేటు సంస్థ దగ్గరికి వెళ్ళాం. తొందర లేనివారు, ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర చేసుకునే నమోదు) ఉన్నవారు అప్పటి నిబంధనలు చూసుకుని ముందు ఆ దారి ప్రయత్నించడం మేలు.

వాళ్ళు వెళ్ళిపోయాక నిలిచినవి, నిలవనివి రెండూ ఉన్నాయి. ముక్కల బల్లలు, తొట్టి వరుస, పసుపు కార్డులు చెక్కుచెదరలేదు, ఎందుకంటే వాటి వల్ల పనిచేసేవాళ్ళ నడుము నొప్పి తగ్గింది. ప్రతి శుక్రవారం నింపాల్సిన ఐదు పేజీల శుభ్రత తనిఖీ పత్రం రెండో నెలకే మూలపడింది; దాన్ని ఒక పేజీకి కుదించి మళ్ళీ మొదలుపెట్టాం. గోడ మీది జపనీస్ పోస్టర్లకు నూనె మరకలు పట్టాయి, ఎవరూ మార్చలేదు.

రాబోయే పండుమిర్చి సీజనుకు ముందు నెలాఖరు ఆర్డర్ల మీద పనిచేయమని ఆ సంస్థనే మళ్ళీ అడిగాం. విడిగా కొటేషన్ పంపారు. ధర సమంజసంగానే ఉంది గానీ, వచ్చే ఇంజనీరు పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలారు. ఆ ఖాళీ నింపి పంపితేనే సంతకం పెడతామని తిరిగి రాశాం.